కెనడా ఉత్తర ప్రాంతంలో పర్యావరణహిత వైద్యం: వైద్యుల దృక్పథాలు

రోగికి అందవలసిన చికిత్సలో నాణ్యత తగ్గకుండానే, ఆ చికిత్స కారణంగా గాలికి, నీటికి, నేలకు, వాతావరణానికి జరిగే హానిని వీలైనంత తగ్గిస్తూ ఆరోగ్య సేవలను నడిపే పద్ధతిని పర్యావరణహిత వైద్యం లేదా సుస్థిర వైద్యం అంటారు. ఆసుపత్రి దీపాలకూ వెచ్చదనానికీ ఖర్చయ్యే ఇంధనం, శస్త్రచికిత్సలో వాడే మత్తు వాయువులు, ఒక్కసారి వాడి పారేసే పరికరాలు, మందుల తయారీ, రోగుల రాకపోకలు అన్నీ కలిసి హరితగృహ వాయువులను, అంటే సూర్యుడి నుంచి వచ్చిన వేడిని భూమి మీదే పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను, పెద్ద మొత్తంలో వెలువరిస్తాయి. ప్రపంచ ఉద్గారాల్లో ఆరోగ్య రంగం వాటా 4.4 శాతమని హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో లెక్క వేసింది. కెనడాలో ఆ వాటా 4.6 శాతమని 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వెలువడిన అధ్యయనం తేల్చింది. తలసరిన చూస్తే ఆరోగ్య రంగ ఉద్గారాలు అత్యధికంగా ఉన్న దేశాల్లో కెనడా ఒకటి.

ఈ చర్చ మొదలైంది పెద్ద నగరాల బోధనాసుపత్రుల్లో. వాటికి దారులు, విద్యుత్ గ్రిడ్, చెత్తను శుద్ధి చేసే కర్మాగారాలు అన్నీ అందుబాటులో ఉన్నాయి. అవేవీ లేని ఆర్కిటిక్, ఉప ఆర్కిటిక్ ఊళ్లలో పనిచేసే వైద్యులు అదే ప్రశ్నను వేరే చోటు నుంచి ఎత్తుకుంటారు. అక్కడ అన్నిటికన్నా పెద్ద ఖర్చు దూరం. ఇంధనం కాలేదీ, డబ్బు పోయేదీ, రోగి అలసిపోయేదీ దూరం వల్లనే. కాబట్టి ఉత్తర ప్రాంత వైద్యుల ఆలోచనల్లో పర్యావరణం, న్యాయం, సేవల అందుబాటు అనే మూడు విషయాలు విడదీయరానంతగా కలిసిపోయి కనిపిస్తాయి.

ప్రాంతం, వైద్య వ్యవస్థ

యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుట్ అనే మూడు టెరిటరీలు కలిసి కెనడా భూభాగంలో దాదాపు 40 శాతాన్ని ఆక్రమిస్తాయి గాని, మూడింటి జనాభా కలిపినా లక్షన్నర కూడా ఉండదు. వైద్య, సామాజిక పరిస్థితుల దృష్ట్యా క్యుబెక్ రాష్ట్రపు ఉత్తర భాగమైన నునావిక్‌ను, అంటారియో ఉత్తర అడవుల్లోని ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రజల ఊళ్లను కూడా ఈ చర్చలో కలిపి చూడడం పరిపాటి. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నునావుట్ ఒక్కటే సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది, అంటే తెలంగాణ వంటి రాష్ట్రాలు పద్దెనిమిది అందులో ఇమిడిపోతాయి. 2021 జనగణన ప్రకారం అక్కడి జనాభా మాత్రం 36,858. వారిలో అత్యధికులు ఆర్కిటిక్ ఆదివాసులైన ఇనుయిట్ ప్రజలు. అక్కడి 25 ఊళ్లలో ఏ ఒక్కదాన్నీ మరొకదానితో కలిపే రోడ్డు లేదు.

నునావుట్ అంతటికీ ఉన్న ఏకైక ఆసుపత్రి రాజధాని ఇకాలూయిట్‌లోని 35 పడకల కికిక్తాని జనరల్ హాస్పిటల్. మిగిలిన ఊళ్లలో నర్సులు నడిపే ఆరోగ్య కేంద్రాలు ఉంటాయి. వైద్యులు కొన్ని వారాలకోసారి విమానంలో వచ్చి కొద్ది రోజులు ఉండి వెళ్తారు, మిగతా రోజుల్లో ఫోన్‌లో సలహా ఇస్తారు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఎల్లోనైఫ్‌లోని స్టాంటన్ టెరిటోరియల్ హాస్పిటల్, యూకాన్‌లో వైట్‌హార్స్ జనరల్ హాస్పిటల్ ప్రధాన కేంద్రాలు. అక్కడా వీలుకాని చికిత్సల కోసం రోగులు దక్షిణానికి ప్రయాణించాలి. తూర్పున ఉన్న బాఫిన్ ప్రాంతం వారు ఒటావాకు, మధ్యన ఉన్న కివాలిక్ వారు విన్నిపెగ్‌కు, పడమట ఉన్న కిటిక్‌మియోట్ వారు ఎల్లోనైఫ్‌కు, అక్కడి నుంచి ఎడ్మంటన్‌కు వెళ్లడం దశాబ్దాలుగా స్థిరపడిన పద్ధతి.

దీని అర్థం ఏమిటో ఒక్క ప్రయాణాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కెనడాలో ప్రజలు నివసించే ఊళ్లలో అత్యంత ఉత్తరాన ఉన్నది గ్రీస్ ఫియోర్డ్. అక్కడ ఉండేది నూట యాభై మందికి లోపే. ఆ ఊరి వృద్ధురాలికి నిపుణుడి పరీక్ష అవసరమైతే ఆమె చిన్న ట్విన్ ఓటర్ విమానంలో రెజల్యూట్‌కు, అక్కడి నుంచి మరో విమానంలో ఇకాలూయిట్‌కు చేరాలి. నేరుగా కొలిస్తేనే అది సుమారు 1,500 కిలోమీటర్లు. ఇకాలూయిట్ నుంచి ఒటావాకు మరో 2,100 కిలోమీటర్లు. వయసు, భాష కారణంగా తోడు వచ్చే బంధువుకు కూడా టికెట్టు కావాలి. ఒటావాలో వారు లార్గా బాఫిన్ అనే ఇనుయిట్ రోగుల వసతి గృహంలో దిగుతారు. వాతావరణం అనుకూలించక విమానం రద్దయితే దారి మధ్యలో రోజుల తరబడి ఆగిపోవడం మామూలే. నిపుణుడితో గడిపిన సమయం బహుశా అరగంట ఉంటుంది. ఆ అరగంట కోసం కాలిన ఇంధనంతో పోలిస్తే ఆ గదిలో వాడిన చేతి తొడుగులు, ప్లాస్టిక్ సంచులు లెక్కలోకి కూడా రావు.

ఉద్గారాల మూలాలు

ప్రయాణాల తరువాత చెప్పుకోవలసింది డీజిల్. నునావుట్‌లోని అన్ని ఊళ్లకూ విద్యుత్తు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఒక్కో ఊరికీ దాని సొంత కేంద్రం ఉంటుంది. ఆ డీజిల్‌నూ, ఏడాదికి సరిపడా సరుకులనూ సముద్రం గడ్డ విడిచే కొద్ది వేసవి వారాల్లో ఓడల మీద తెచ్చి నిల్వ చేస్తారు. ఈ వేసవి రవాణాను అక్కడ సీలిఫ్ట్ అంటారు. కంప్యూటర్లకూ, ఎక్స్‌రే యంత్రానికీ, టీకాలు ఉంచే ఫ్రిజ్‌కూ, గది వెచ్చదనానికీ డీజిలే ఆధారమైన చోట దీపాలు ఆర్పడం వంటి నగర ఆసుపత్రుల సలహాలతో ఒరిగేది చాలా తక్కువ.

సీలిఫ్ట్ వల్ల మరో చిక్కు ఉంది. ఏడాదికోసారి మాత్రమే చౌకగా వచ్చే సరుకును ముందుచూపుతో ఎక్కువగా తెప్పించుకోక తప్పదు. కట్టు గుడ్డలు, సెలైన్ సంచులు, అత్యవసర మందులు అవసరానికి లేకపోతే ప్రాణం పోతుంది. ఉండి వాడకపోతే గడువు తీరిపోతుంది. గడువు తీరిన సరుకును పారేయవలసి వస్తే పారేసే చోటు కూడా సరైనది ఉండదు. చిన్న ఊళ్ల చెత్తకుప్పలు చాలావరకు బహిరంగ గుంతలు. చెత్తను అక్కడే తగలబెట్టడం అలవాటుగా వస్తోంది. 2014లో ఇకాలూయిట్ చెత్తకుప్పకు మే నెలలో అంటుకున్న మంట సెప్టెంబరు దాకా ఆరలేదు, గర్భిణులూ చిన్నపిల్లలూ పొగకు దూరంగా ఉండాలని ఆరోగ్యశాఖ హెచ్చరించవలసి వచ్చింది. వాడిన సూదులను, రక్తం అంటిన వ్యర్థాలను పెట్టెల్లో భద్రపరచి దక్షిణానికి తిరిగి పంపడం సురక్షితమే గాని, దానికీ విమానమో ఓడో కావాలి. రీసైక్లింగ్ డబ్బాలు పెట్టినంత మాత్రాన వాటిలో వేసిన వస్తువు తిరిగి పనికివచ్చే దారి అక్కడ లేదు.

వాతావరణ మార్పు: వైద్యశాలలో కనిపించే రోగం

ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోందని 2022లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తల అధ్యయనం తెలిపింది. పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల, కరిగి భవనాల పునాదులు కుంగుతున్నాయి. శీతకాలంలో గడ్డకట్టిన నదుల మీద వేసే మంచు రోడ్లు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూతపడుతున్నాయి. వేటగాళ్లు పలచబడిన మంచులో కూరుకుపోతున్నారు. కాబట్టి ఇక్కడి వైద్యులకు వాతావరణ మార్పు భవిష్యత్తులో రాబోయే ముప్పుగా కాక ఓపీలో ఎదురయ్యే రోగంగానే పరిచయం.

ఈ పరిచయాన్ని అంకెల్లోకి తెచ్చిన ముఖ్యమైన పరిశోధన ఎల్లోనైఫ్ అత్యవసర విభాగ వైద్యురాలు కోర్ట్నీ హోవర్డ్, ఆమె సహచరులు చేసినది. 2014 వేసవిలో నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో సుమారు 34 లక్షల హెక్టార్ల అడవి కాలిపోయింది. ఎల్లోనైఫ్‌ను రెండు నెలలకు పైగా పొగ కమ్మేసింది. ఊపిరితిత్తుల లోతుల్లోకి చొచ్చుకుపోయే సూక్ష్మ ధూళి కణాల మధ్యస్థ స్థాయి ఆ వేసవిలో మామూలు సంవత్సరాల కంటే ఐదు రెట్లు ఉందని, ఆస్తమాతో అత్యవసర విభాగానికి వచ్చినవారి సంఖ్య రెండింతలైందని, న్యుమోనియా కేసులు 57 శాతం పెరిగాయని, ఆయాసానికి వాడే సాల్బ్యుటమాల్ మందు పంపిణీ 48 శాతం పెరిగిందని 2021లో బీఎంజే ఓపెన్ పత్రికలో ప్రచురించిన ఆ అధ్యయనం చూపింది. ఆస్తమా భారం అక్కడి ఆదివాసులైన డెనే ప్రజల్లో ఎక్కువగా కనిపించింది. హోవర్డ్ కెనడా పర్యావరణ వైద్యుల సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు.

2023 ఆగస్టులో కార్చిచ్చు ఎల్లోనైఫ్ అంచులకు చేరినప్పుడు దాదాపు 20,000 మందిని ఊరు ఖాళీ చేయించారు. స్టాంటన్ ఆసుపత్రిలోని రోగులను విమానాల్లో దక్షిణాది రాష్ట్రాలకు తరలించి ఆసుపత్రిని మూసివేశారు. టెరిటరీ మొత్తానికి ఆధారమైన వైద్యశాల కొన్ని వారాలపాటు లేకుండాపోయింది. వాతావరణాన్ని పాడుచేయడంలో అతి స్వల్ప పాత్ర ఉన్న ప్రజలే దాని దెబ్బను అందరికంటే ముందు తింటున్నారన్న అన్యాయం ఉత్తర ప్రాంత వైద్యుల రచనల్లో, ప్రసంగాల్లో పదేపదే వినిపించేది ఇందుకే.

వైద్యుల అభిప్రాయాలు

ఆరోగ్య సేవల్లో సుస్థిరతకు బ్రిటన్ వైద్యురాలు ఫ్రాన్సెస్ మార్టిమర్ 2010లో ప్రతిపాదించిన నాలుగు సూత్రాలు అంతటా ఆధారంగా నిలిచాయి: రోగం రాకుండా చూడడం, రోగి తన ఆరోగ్యాన్ని తానే చూసుకోగలిగేలా చేయడం, అనవసరమైన పనులు తీసివేయడం, తప్పనిసరి పనులకు తక్కువ కార్బన్ మార్గం ఎంచుకోవడం. నగర ఆసుపత్రులు సాధారణంగా నాలుగోదానితో మొదలుపెడతాయి, ఎందుకంటే పరికరం మార్చడం పద్ధతి మార్చడం కంటే తేలిక. ఉత్తర ప్రాంతంలో మొదటి మూడింటికీ ఉన్న బలం నాలుగోదానికి లేదు.

నాలుగోదానిలోనూ చేయదగిన పనులు లేకపోలేదు. మత్తు వైద్యులు వాడే డెస్‌ఫ్లూరేన్ అనే వాయువు నూరేళ్ల కాలమానంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అదే పని చేసే సెవోఫ్లూరేన్‌కు ఆ శక్తి 130 రెట్ల చుట్టూ ఉంటుంది. రోగికి తేడా లేకుండా మొదటిదాన్ని మానేయవచ్చు గనుక స్కాట్లాండ్ 2023లోనే దాన్ని ఆసుపత్రుల నుంచి తొలగించింది. ఈ మార్పు పూర్తిగా వైద్యుడి చేతిలోని పని. ఇన్‌హేలర్ల విషయం అంత సులువు కాదు. నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్లలోని తోపుడు వాయువులు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా హానికరం. పొడిని పీల్చే ఇన్‌హేలర్లలో ఆ వాయువు ఉండదు. అయితే పొడిని లోపలికి లాగాలంటే బలంగా ఊపిరి పీల్చగలగాలి, చిన్నపిల్లలకూ తీవ్రమైన ఆయాసంలో ఉన్నవారికీ అది సాధ్యపడదు. కార్చిచ్చు పొగలో ఊపిరాడక వచ్చిన బిడ్డకు చిమ్మే ఇన్‌హేలరే ఇవ్వాలి. ఆ పొగ రావడానికీ ఈ వాయువులకూ సంబంధం ఉందని తెలిసిన వైద్యుడు కూడా ఆ క్షణంలో మరో ఆలోచన చేయడు, చేయకూడదు. రోగ నిర్ధారణ సరిగ్గా చేయడం, ఆస్తమాను రోజువారీ మందుతో అదుపులో ఉంచడం, వీలైనవారికి పొడి ఇన్‌హేలర్ ఇవ్వడం అనే క్రమాన్ని కెనడాలో 2021లో మొదలైన కాస్కేడ్స్ అనే సుస్థిర ఆరోగ్య కార్యక్రమం సూచిస్తోంది.

వైద్యుల్లో బలంగా కనిపించే మరో అభిప్రాయం పొదుపు గురించినది. అన్నీ కొరతగా ఉండే చోట వృథా సహజంగానే తక్కువ అని, స్కానింగ్‌కు పంపడమంటే విమానం ఎక్కించడమే కనుక చేత్తో పరీక్షించి, రోగి చెప్పింది విని నిర్ణయించే పాత వైద్య నైపుణ్యం ఉత్తరాన ఇంకా బతికి ఉందని వారు గుర్తు చేస్తారు. అనవసర పరీక్షలను తగ్గించాలని 2014లో కెనడాలో మొదలైన చూజింగ్ వైజ్లీ ఉద్యమ లక్ష్యాలకు ఇది దగ్గరగా ఉన్నా, ఇందులో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది: అవసరమైన పరీక్ష అందకపోవడాన్ని పొదుపు అని పిలవడం తప్పు. ఆలస్యంగా బయటపడిన క్యాన్సర్‌కు చికిత్స మరింత కఠినం, మరింత ఖరీదు, మరిన్ని ప్రయాణాలు. అసలే తక్కువ సేవలు పొందుతున్న ప్రజల నుంచి ఉద్గారాల పేరుతో ఇంకేమీ తీసివేయకూడదన్నది ఈ చర్చలో వైద్యులు గీసే గట్టి గీత. వారు గీసిన ఆ గీత సరైనదే.

రోగం రాకుండా చూడడం వల్ల కలిగే లాభం ఉత్తరాన ఎంత పెద్దదో పసిపిల్లల శ్వాసకోశ వ్యాధి చెబుతుంది. ఆర్‌ఎస్‌వి అనే వైరస్‌తో ఆసుపత్రి పాలయ్యే శిశువుల రేటు ఇనుయిట్ ప్రాంతాల్లో ప్రపంచంలోనే అత్యధికాల్లో ఒకటిగా నమోదైంది. కిక్కిరిసిన ఇళ్లు, గాలి ఆడని గదులు, పొగాకు పొగ దీనికి ప్రధాన కారణాలు. ఊపిరందని బిడ్డను ఇంక్యుబేటర్‌తో, నర్సుతో, తల్లితో సహా ఎయిర్ అంబులెన్స్‌లో వేల కిలోమీటర్లు తీసుకెళ్లాలి. టొరంటోకు చెందిన పిల్లల వైద్యురాలు అన్నా బెనర్జీ ఆర్కిటిక్ శిశువులందరికీ ముందస్తు రక్షణగా యాంటీబాడీ ఇంజెక్షన్ ఇవ్వాలని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. ఒక్క మోతాదుతో శీతకాలమంతా కాపాడే కొత్త యాంటీబాడీ నిర్సెవిమాబ్ 2024 నుంచి నునావుట్ శిశువులకు అందుబాటులోకి వచ్చింది. బిడ్డ ఇంట్లో క్షేమంగా ఉంటుంది, విమానం నేల మీద ఉంటుంది. మంచి ఇల్లు కట్టించడం వల్ల కూడా ఇదే ఫలితం వస్తుంది కాబట్టి ఇళ్ల కొరతను వైద్య సమస్యగా, వాతావరణ సమస్యగా ఒకేసారి చూడాలని ఉత్తర ప్రాంత వైద్యులు వాదిస్తారు.

ఇంటికి దగ్గరగా వైద్యం

దక్షిణానికి పంపడం అనే పద్ధతికి ఉత్తరాన చేదు చరిత్ర ఉంది. 1950 నుంచి సీడీ హోవ్ అనే ప్రభుత్వ నౌక తూర్పు ఆర్కిటిక్ ఊళ్ల వెంట తిరుగుతూ ఇనుయిట్ ప్రజలకు ఓడ మీదే ఎక్స్‌రే తీసేది. క్షయ ఉన్నట్టు తేలినవారిని చాలాసార్లు ఇంటివాళ్లకు చెప్పి రావడానికి కూడా దిగనివ్వకుండా అలాగే దక్షిణాది శానటోరియాలకు తీసుకుపోయారు. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవారు, తిరిగి రానివారు, సమాధి ఎక్కడుందో కుటుంబానికి తెలియనివారు ఎందరో. 2019 మార్చిలో కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో ఇకాలూయిట్‌కు వెళ్లి దీనికి క్షమాపణ చెప్పారు. క్షయ ఇంకా పోలేదు. ఇనుయిట్ ప్రాంతాల్లో దాన్ని 2030 నాటికి నిర్మూలిస్తామని ప్రభుత్వం 2018లో మాట ఇచ్చింది. విమాన ప్రయాణాలను తగ్గించాలనే ఆలోచనను అక్కడి ప్రజలు ఉద్గారాల లెక్కతో కాక ఈ జ్ఞాపకంతో తూకం వేస్తారని అనుభవం ఉన్న ప్రతి వైద్యుడికీ తెలుసు.

ప్రసవాల విషయంలో ఇంటికి దగ్గరగా వైద్యం, తక్కువ ఉద్గారాలు అనే రెండు దారులూ స్పష్టంగా కలిశాయి. చాలా ఊళ్లలో గర్భిణి నెలలు నిండకముందే, సుమారు 36వ వారంలో, ఇల్లు విడిచి దూరపు పట్టణంలో ప్రసవం కోసం వేచి ఉండాలి. నునావిక్‌లోని పువిర్నిటుక్ మహిళలు దీన్ని ఎదిరించి, 1986లో అక్కడి ఇనుయిలిత్సివిక్ ఆరోగ్య కేంద్రంలో సొంత ప్రసూతి కేంద్రాన్ని సాధించుకున్నారు. అక్కడే ఊరి ఇనుయిట్ యువతులకు మిడ్‌వైఫ్‌లుగా, అంటే ఆధునిక శిక్షణ పొందిన మంత్రసానులుగా, చదువు చెబుతారు. ఇనుక్‌జువాక్‌లో 1998లో, సల్లూయిట్‌లో 2004లో అటువంటి కేంద్రాలు తెరిచారు. సమీపంలో సిజేరియన్ చేసే వసతి లేని ఆ ఊళ్లలో ప్రతి గర్భిణి పరిస్థితినీ మిడ్‌వైఫ్‌లు, వైద్యులు, నర్సులు కలిసి సమీక్షించి, ప్రమాదం ఉన్నవారిని మాత్రమే బయటికి పంపుతారు. ఆ ప్రాంతంలో ఎక్కువ శాతం బిడ్డలు ఇంటి దగ్గరే క్షేమంగా పుడుతున్నారు. ఈ కేంద్రాలను పర్యావరణం కోసం ఎవరూ స్థాపించలేదు. అయినా ఉత్తర ప్రాంతంలో సుస్థిర వైద్యానికి ఇంతకంటే మంచి నమూనా మరొకటి లేదు.

టెలిమెడిసిన్, అంటే దూరం నుంచే తెర మీద చూసి వైద్యం చేయడం, ఉత్తరానికి కొత్త కాదు. న్యూఫౌండ్‌లాండ్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయంలో వైద్యుడు మాక్స్ హౌస్ 1970లలోనే ఉపగ్రహం ద్వారా ప్రయోగాలు చేశారు. ఉపగ్రహ ఇంటర్నెట్ మెరుగుపడడంతో మానసిక వైద్యం, చర్మవ్యాధులు, శస్త్రచికిత్స తరువాతి పరీక్షలు చాలావరకు ఊళ్లోనే జరుపుకోవచ్చు. అయినా వైద్యుల్లో కొందరికి సందేహాలున్నాయి. దుబాసీ లేని తెర మీది సంభాషణ వల్ల పెద్దవయసు ఇనుయిట్ రోగికి మేలు జరగదు. తెర సరిపోతుందన్న సాకుతో స్వయంగా వచ్చే వైద్యుడి రాకను రద్దు చేయడం సేవను తగ్గించడమే అవుతుంది. ప్రయాణ ఖర్చు ఒక పద్దులో, క్లినిక్ ఖర్చు మరో పద్దులో ఉండడం వల్ల విమాన టికెట్ల మీద మిగిలిన డబ్బు దుబాసీ జీతానికి చేరే దారి ఉండదు. ఈ అడ్డు తొలగించడం వైద్యుడి చేతిలో లేదు, ప్రభుత్వం చేతిలో ఉంది.

వైద్యుల సొంత ప్రయాణాలు కూడా ఈ లెక్కలోనివే. ఉత్తరాన పనిచేసేవారిలో చాలామంది లోకమ్‌లు, అంటే కొన్ని వారాలకు వచ్చి వెళ్లే తాత్కాలిక వైద్యులు. ఒక్కో మార్పిడికీ రెండు విమాన ప్రయాణాలు, ప్రతిసారీ రోగి తన కథ మొదటి నుంచి చెప్పుకోవలసిన శ్రమ. స్థానికులను వైద్యులుగా తయారు చేయాలనే లక్ష్యంతో 2005లో మొదలైన నార్తర్న్ అంటారియో వైద్య కళాశాల, 2022లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. అలాస్కాలో క్షయ మందులు పంచిన గ్రామస్తులతో 1950లలో బీజం పడి 1968 నుంచి ప్రభుత్వ నిధులతో నడుస్తున్న కమ్యూనిటీ హెల్త్ ఎయిడ్ కార్యక్రమం మరింత ముందుకు వెళ్లింది. 170కి పైగా గ్రామాల్లో ఆ ఊరివారే శిక్షణ పొంది, వైద్యుల పర్యవేక్షణలో మొదటి చికిత్స అందిస్తున్నారు.

భూమి, ఆహారం, శక్తి

ఆదివాసీ జ్ఞాన సంప్రదాయాలు ఈ చర్చకు చేర్చినది ప్రత్యేకంగా గమనించదగినది. డెనినూ కుయే ఫస్ట్ నేషన్‌కు చెందిన పరిశోధకురాలు నికోల్ రెడ్వర్స్ నాయకత్వంలో వివిధ దేశాల ఆదివాసీ నిపుణులు భూగ్రహ ఆరోగ్య నిర్ణాయకాలపై రూపొందించిన ఏకాభిప్రాయ పత్రం 2022లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వెలువడింది. మనిషి ఆరోగ్యాన్నీ భూమి ఆరోగ్యాన్నీ వేరు చేసి చూడడమే మూల దోషమని ఆ పత్రం సారాంశం. రెడ్వర్స్ స్థాపనలో పాలుపంచుకున్న ఆర్కిటిక్ ఇండిజినస్ వెల్‌నెస్ ఫౌండేషన్ ఎల్లోనైఫ్‌లో గుడారాల శిబిరం నడుపుతూ, పెద్దల సంరక్షణలో సంప్రదాయ వైద్యాన్ని అందిస్తోంది.

మనిషి ఆరోగ్యానికీ భూమి ఆరోగ్యానికీ ఉన్న ఈ బంధానికి ఆసుపత్రి భోజనం చక్కని ఉదాహరణ. వైట్‌హార్స్ జనరల్ హాస్పిటల్ ఫస్ట్ నేషన్స్ రోగులకు దానంగా వచ్చిన మూస్ జింక మాంసాన్నీ స్థానిక చేపలనూ వడ్డిస్తుంది. అంటారియోలోని సూ లుకౌట్ ఆసుపత్రిలో మీచిమ్ పేరుతో ఇటువంటి భోజనమే నడుస్తోంది; తనిఖీ కాని వేట మాంసాన్ని ఆసుపత్రిలో వడ్డించడానికి అక్కడ చట్టపరమైన మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. దక్షిణం నుంచి విమానంలో వచ్చిన గడ్డకట్టిన భోజనం కంటే ఇది పోషకాల్లోనూ ఉద్గారాల్లోనూ మెరుగు. అంతకుమించి, మంచం మీద ఉన్న వృద్ధుడు ఇష్టంగా తినే భోజనం.

శక్తి విషయంలో వైద్యులు చేయగలిగింది ప్రచారం మాత్రమే, చేసేది ప్రజలే. రోడ్డు లేని యూకాన్ ఊరు ఓల్డ్ క్రోలో వుంటుట్ గ్విచిన్ ప్రజలు 2021లో 940 కిలోవాట్ల సౌర కేంద్రం పూర్తి చేసుకుని, వేసవి పగళ్లలో డీజిల్ జనరేటర్లను ఆపగలుగుతున్నారు. వాయవ్య అంటారియోలో 17 ఫస్ట్ నేషన్స్ ఊళ్లను గ్రిడ్‌తో కలిపే వటయ్‌నికనేయప్ విద్యుత్ లైను యాజమాన్యంలో అత్యధిక వాటా ఆ ప్రాంతపు ఫస్ట్ నేషన్స్‌దే. దానివల్ల డీజిల్ వదిలిన ప్రతి ఊళ్లోనూ నర్సింగ్ స్టేషన్ కూడా డీజిల్ వదిలింది.

2021 నవంబరులో గ్లాస్గోలో జరిగిన కాప్26 సదస్సులో కెనడా తన ఆరోగ్య వ్యవస్థను తక్కువ కార్బన్ వ్యవస్థగా మారుస్తానని వాగ్దానం చేసింది. ఉత్తర ప్రాంతంలో ఆ వాగ్దానం నెరవేరాలంటే మత్తు వాయువులు, ఇన్‌హేలర్ల జాబితాలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోకూడదు. ఊళ్లోనే ఉండే మిడ్‌వైఫ్‌లు, స్థానిక భాష మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు, దుబాసీలు, గాలి ఆడే ఇళ్లు, తాగగలిగే నీరు ముందు రావాలి, వాటికి కావలసిన నిధులను ఆరోగ్య బడ్జెట్‌లోనే కేటాయించాలి. అంటారియోలోని నెస్కాంటగా ఫస్ట్ నేషన్‌లో 1995లో విధించిన నీటిని కాచి తాగాలన్న హెచ్చరిక మూడు దశాబ్దాల తరబడి కొనసాగింది. ఆ కాలమంతా అక్కడి ప్రజలు విమానంలో వచ్చిన ప్లాస్టిక్ సీసాల నీటి మీద ఆధారపడ్డారు.